అరగని టైరు

జయరాజు బండి వెనక టైరు అరిగిపోయిందని గార్లదిన్నెలో అందరికీ తెలుసు. తెలియనట్టు తిరిగేది జయరాజు ఒక్కడే.

పొద్దున్నే గాలి కొట్టించుకోవడానికి రామాంజి మెకానిక్ అంగడి ముందు ఆగితే చాలు, రామాంజి గొంతుక్కూర్చుని టైరు మీద గోరుతో గీసి చూపించేవాడు.

"చూడప్పా. ఈ పొడుగు చాళ్లున్నాయే, ఈ గాళ్ల నడుమ అడ్డంగా చిన్న చిన్న గట్లు ఉంటాయి. పైన రబ్బరు అరిగి ఆ గట్లకు సమానంగా వచ్చిందంటే టైరు మార్చాలని లెక్క. నీ టైరులో గట్లు కూడా అరిగిపోయినాయి. తొలివాన పడితే యాడో ఒకచోట జారి పడతావు."

"వానా? మన సీమలోనా?" అని నవ్వేసి జయరాజు బండి స్టార్ట్ చేసేవాడు. అడిగితే వచ్చే నెల మారుస్తానంటాడు. ఆ వచ్చే నెల ఎప్పుడూ రాలేదు.

వెనక కూర్చున్న భార్య కృపాకుమారికి మాత్రం నవ్వొచ్చేది కాదు. బుక్కరాయసముద్రం దగ్గర విత్తనాల గోదాములో ఇద్దరికీ పని. అతను మూటలు మోస్తాడు, ఆమె శనక్కాయలు ఏరుతుంది. గేటు దగ్గర వేలిముద్రల మిషన్ ఒకటుంది. అందులో వేలు పడితేనే ఆ రోజు కూలి. కృపాకుమారి బొటనవేలి మీద కత్తిపీటకు తెగిన మచ్చ ఏటవాలుగా ఉంటుంది. ఆ మచ్చ ఉన్నా మిషన్ ఆమె వేలిని ఏనాడూ కాదనలేదు.

ఒక సాయంత్రం ఇద్దరూ తిరిగొస్తుంటే ఆకాశంలో మబ్బు కమ్మింది. బయ్యన్న చేను పక్కకు వచ్చేసరికి జయరాజు బండి ఆపాడు. చేని గట్టు మీద పాత టైర్ల కుప్ప ఉంది. రాత్రిళ్లు అడవిపందులు శనక్కాయ చేలల్లో పడి కాయలు తవ్వుకు తినకుండా ఈ ఊళ్లల్లో టైర్లు కాలుస్తారు. ఆ కంపుకు పందులు దగ్గరికి రావు. కాల్చడానికని ఒకసారి గట్టు మీద వేసిన టైరును ఎవరూ మళ్లీ బండికి ఎక్కించరు. ఎందుకని అడిగితే ఎవరూ చెప్పలేరు. ఎక్కించరు, అంతే.

కుప్ప మీద ఒక టైరు విడిగా పడి ఉంది. దాని గాళ్లు ఇంకా సగం మిగిలే ఉన్నాయి.

"గట్టు మీదది ముట్టుకోవద్దయ్యా," అంది కృపాకుమారి.

"ఏం, కరుస్తాదా? రోజూ టైరు మార్చు, టైరు మార్చు అని నా ప్రాణం తీసేది నువ్వే గదా!"

పొద్దంతా ఎండలో పడి ఉన్నా టైరు చల్లగా తగిలింది. జయరాజు దాన్ని పట్టించుకోలేదు. ఎక్కడిదని రామాంజి అడిగితే "దొరికింది లే, ఎయ్యి" అన్నాడు.

కొన్నాళ్లు బండి బాగా నడిచింది. రోజూ పొద్దున జయరాజు ఆ టైరును చేత్తో తడిమి మురిసిపోయేవాడు. తర్వాత ఒక పొద్దున మిషన్ ఎర్రలైటు వెలిగించి కుయ్యిమంది.

జయరాజు వేలు తుడుచుకుని మళ్లీ పెట్టాడు. కుయ్యి. చొక్కాకు రుద్దాడు, తలకు రాశాడు, కుళాయి దగ్గరికి పోయి సబ్బుతో కడుక్కుని వచ్చాడు. కుయ్యి. వెనక క్యూలో వాళ్లు విసుక్కుంటున్నారు. అతనికి ఒళ్లు మండిపోయింది. ఇన్నేళ్లుగా అదే వేలు, అదే మిషన్, ఇప్పుడు దీనికి ఏం రోగం?

"ఏమప్పా, వేలు ఇంట్లో మర్చిపోయి వచ్చినావా?" అన్నాడు మేస్త్రీ శ్రీరంగప్ప. ఆ తర్వాత గొంతు తగ్గించి, "నేనేం చేసేది జయరాజూ. ఈ వారంలో వేలు పడకపోతే పేరు తీసేయమని పైనుంచి చెప్పినారు," అన్నాడు.

మర్నాడూ పడలేదు. ఆ మర్నాడూ పడలేదు. బొటనవేలు కాదంటే చూపుడువేలు, అదీ కాదంటే చిటికెనవేలు. ఏదీ పడలేదు. మోయబోతే మూట చేతుల్లోంచి జారింది. బండి తాళంచెవి జారింది. ఇంట్లో నీళ్ల చెంబు జారి కాలి మీద పడితే భార్య మీద అరిచాడు.

"ఈ చెంబుకు నూనె పూసినావా ఏమే?"

కృపాకుమారి అతని చెయ్యి పట్టుకుని వెలుతురులోకి లాగింది. వేళ్ల మీద గీతల్లేవు. అరిగి పలచబడటం కాదు, అసలు లేవు. పది వేళ్లూ బాగా తోమిన పింగాణీ గిన్నెలా నున్నగా మెరుస్తున్నాయి. జయరాజుకు అప్పుడు మొదటిసారి భయమేసింది.

ఆ సాయంత్రం బ్రేకు లివర్ మీద వేళ్లు నిలవక, ఇద్దరూ బండిని తోసుకుంటూ రామాంజి దగ్గరికి వచ్చారు. బ్రేకు చూద్దామని వంగిన రామాంజి వెనక చక్రం చూసి ఆగిపోయాడు.

"టైరు మళ్లా మార్చినావా?"

"లేదే. నువ్వేసిందే."

"నేనేసినప్పుడు గాళ్లు సగమే ఉండె." రామాంజి టైరు మీద చెయ్యి వెయ్యబోయి, ఎందుకో వెనక్కి తీసుకున్నాడు. "ఇదేందప్పా... అంగట్లోంచి తెచ్చిన కొత్త టైరుకే ఈ సన్నటి రబ్బరు వెంట్రుకలుండేది. తిరిగిన టైరుకు ఎట్ల మొలిచినాయి?"

 రామాంజి గుడ్డ చుట్టుకున్న చేతులతో ఆ టైరు ఊడదీసి, మూలన పడేసి ఉన్న పాత అరిగిన టైరునే మళ్లీ ఎక్కించాడు. తీసింది ఎక్కడ దొరికిందో అక్కడికే చేర్చమన్నాడు.

చేతులు జారే మొగుణ్ణి ఒక్కణ్నే పంపనని కృపాకుమారి వెనక ఎక్కింది. జయరాజు అరచేతుల ఒత్తిడితో హ్యాండిల్ పట్టుకుని నిదానంగా తోలాడు. ఆమె టైరును ఒళ్లో పెట్టుకుని, దారి పొడుగునా రెండు చేతులతో గట్టిగా పట్టుకుని కూర్చుంది. ఇంకెలా తీసుకుపోతారు మరి? ఆ సమయంలో ఇద్దరికీ ఇంకో ఆలోచన రాలేదు.

చేను చేరేసరికి పొద్దు గుంకింది. దూరాన గుట్టల మీద గాలిమరల ఎర్రదీపాలు ఒక్కొక్కటీ వెలుగుతున్నాయి. గట్టు దగ్గర బయ్యన్న కూర్చుని ఉన్నాడు. పోయిన ఏడు తొలివానకు రోడ్డు మీద బండి జారి ఆయన కొడుకు శ్రీకాంత్ పోయాడు. అప్పట్నించి ఆయన ఇంటిపట్టున ఉండటం లేదు.

కృపాకుమారి చేతిలో టైరు చూసి ఆయన లేచాడు.

"తీసుకపోయింది నువ్వా జయరాజూ? ఎన్ని దినాల్నుంచి ఎతుకుతాండానప్పా!"

"తప్పైపోయిందన్నా. ఇదిగో... మళ్లా తెచ్చినా."

"మా శ్రీకాంత్ బండిది." అన్నాడు బయ్యన్న. "మార్చు నాయనా, మార్చు నాయనా అని ఎన్నిసార్లు చెప్పినా ఇనలేదు వాడు. ఆపొద్దు అద్దం లెక్క నున్నగా ఉండె ఈ టైరు."

"నున్నగానా?" జయరాజు టైరు వైపు చూశాడు. "నేను తీసినప్పుడు గాళ్లు సగముండె గదన్నా."

"కాల్చేకి తెచ్చినా. మనసు రాలేదు. వాణ్ణి మోసిన టైరు గదా అని... దినామూ వచ్చి ఒకసారి నిమిరేవాణ్ణి."

బయ్యన్న రెండు చేతులూ చాపాడు. ఆ మసక వెలుతురులోనూ కనిపించింది. వేళ్ల మీదే కాదు, అరచేతుల్లో కూడా ఒక్క గీత లేదు.

జయరాజుకు భయం కంటే ముందు కోపం వచ్చింది. ఒక టైరు. ముష్టి రబ్బరు టైరు. దీనికోసం తన కూడు పోవాలా? కృపాకుమారి గట్టు మీద దించిన టైరు మీద పక్కనున్న ఎండుకంప లాగి వేశాడు. అగ్గిపెట్టె తీశాడు. పుల్ల వేళ్లలో నిలవలేదు. ఇంకొకటి. అదీ జారింది. పళ్లు కొరుకుతూ ఇంకొకటి తీస్తుంటే కృపాకుమారి అతని చేతిలోంచి అగ్గిపెట్టె తీసుకుని తనే గీసింది.

బయ్యన్న వద్దనలేదు. కళ్లు మూసుకున్నాడు.

మంట లేచింది. నల్లటి పొగ నేలబారుగా పాకింది. ఎప్పుడూ వచ్చే రబ్బరు కంపు కాదు... కాలుతున్న వెంట్రుకల కంపు. గాలి లేదు. అయినా పొగ వాళ్ల చుట్టూనే తిరుగుతోంది.

అప్పుడు వినిపించింది.

మంట లోపల్నించి... కీచుమని... సన్నగా, పొడుగ్గా... తడి రోడ్డు మీద చక్రం ఈడ్చుకుపోయే చప్పుడు. అది ఆగదు. ఆగినట్టే ఉంటుంది, మళ్లీ మొదలవుతుంది.

"ఇంటాండారా..." బయ్యన్న కళ్లు తెరవకుండానే గుసగుసగా అన్నాడు. "వాడు బ్రేకు పట్టినాడు..."

కృపాకుమారి ప్రార్థన చెప్పుకుంటూ జయరాజు చొక్కా పట్టుకుంది. టైరు మొత్తం కాలేదాకా ముగ్గురూ అక్కడే నిలబడ్డారు. చివరికి బూడిదలో ఎర్రగా కాలిన తీగచుట్ట ఒక్కటే మిగిలింది. చప్పుడు ఆగిపోయింది.

ఇంటికొచ్చాక జయరాజు దీపం కింద చెయ్యి పెట్టుకుని చూశాడు. బొటనవేలి అంచున, ఉందా లేదా అన్నట్టు, ఒక సన్నటి గీత. మిగతావీ వస్తాయి అనుకున్నాడు. పని నిలబడుతుంది అనుకున్నాడు. ఎన్నో దినాల తర్వాత కడుపునిండా తిన్నాడు. రాత్రి వాన కురిసింది. సంవత్సరంలో తొలివాన. రేకుల మీద ఆ చప్పుడు వింటూ హాయిగా నిద్రపోయాడు.

తెల్లవారి తలుపు తీస్తే వాకిలంతా తడి మట్టి. బండి రాత్రి పెట్టినచోటే ఉంది. దాని చుట్టూ మట్టి మీద చిన్న గుర్తు కూడా లేదు.

కానీ వీధిలోంచి వాకిట్లోకి ఒక చక్రం జాడ వచ్చి ఉంది. ఒక్కటే చక్రం. పక్కన అడుగుల్లేవు. మెలికలు తిరక్కుండా తిన్నగా వచ్చి, గడప దగ్గర ముగిసింది. వెనక్కి పోయిన జాడ లేదు.

జయరాజు వంగి చూశాడు. టైరు అచ్చు అలా ఉండదు. నేరుగా పోయే గాళ్లు లేవు. అడ్డంగా గట్లు లేవు. సన్నటి గీతలు... సుడి తిరిగి... ఒకదాని లోపల ఒకటి...

ప్రతి సుడినీ ఏటవాలుగా కోస్తూ ఒక కత్తిపీట మచ్చ. మళ్లీ సుడి, మళ్లీ అదే మచ్చ. వీధి నుంచి గడప దాకా.

అతను తలెత్తి ఇంట్లోకి చూశాడు. 

లోపల ఖంగుమని చెంబు పడింది. నీళ్లు పారిన చప్పుడు.

"ఏమయ్యా," అంది కృపాకుమారి విసుగ్గా. "ఈ చెంబుకు నూనె పూసినావా ఏమి?"