కిటికీ పక్కన బుల్లి మంచం

గుమ్మంలో కాలు పెట్టీ పెట్టగానే పంతులమ్మ కంట పడింది ఆ బుల్లి మంచమే! కిటికీ పక్కన, కొత్త చెక్క వాసన కొడుతూ, పసుపు దుప్పటి కప్పుకుని... దాని కింద పసిపిల్లల చెప్పుల జత. గోడకున్న మేకుకు చిన్న తువ్వాలు. ఆమె గుండె గుభేలుమంది. 'అయిపోయింది! నా బిడ్డను ఉంచేసుకోవడానికే పిలిపించింది!' చేతిలో సంచీ జారి బొటనవేలి మీద పడినా నొప్పి తెలియలేదు.

"ఏమే, అలా కొయ్యబారిపోయావ్? రా లోపలికి!" అంటూ పాపను ఎత్తుకుంది స్నేహితురాలు. చిన్నప్పటి నుంచీ ఒక్కచోట కాలు నిలవని మనిషని ఆమెను అందరూ బొంగరం అనే పిలిచేవారు. పళ్ళ డాక్టరు చదువుకని దేశం కాని దేశం వచ్చింది. ఇంకొన్నాళ్ళలో ఆ చదువు పూర్తవుతుంది. "వసంతకాలం సెలవుల్లో పాపను తీసుకుని రావే. ఒక మాట చెప్పాలి, ఫోన్లో కుదరదు" అని కబురు పెట్టింది. ఆ 'ఒక మాట' విన్నప్పటి నుంచి పంతులమ్మకు అన్నం సయించలేదు.

ఎలా సయిస్తుంది పాపం! లోకమంతా పంతులమ్మ కూతురనుకునే ఈ ఆరేళ్ళ పాప, నిజానికి బొంగరం కడుపున పుట్టిన బిడ్డ. నమ్మినవాడు చెప్పాపెట్టకుండా మాయమైతే, పెళ్ళికాని ఆ పిల్ల చావడానికి సిద్ధపడింది. "నీకెందుకే భయం, నాకియ్యి! నాకా పిల్లలు లేరు" అని పొత్తిళ్ళలోనే అందుకుంది పంతులమ్మ. పాలసీసా పట్టింది, జ్వరాలకు జాగారాలు చేసింది, మొదటిసారి 'అమ్మా' అని పిలిచిన రోజున పొయ్యి మీద పాలు పొంగి నేలపాలైనా లేవలేదు! కానీ బిడ్డను ఇచ్చేటప్పుడు బొంగరం ఏడుస్తూ, "నా చదువయ్యాక..." అని ఏదో అనబోయి ఆపేసింది. ఆ ఆగిపోయిన మాట ఇన్నేళ్ళూ పంతులమ్మ గొంతులో ముల్లులా ఉండిపోయింది.

అందుకే బయలుదేరే ముందు ఆ పని చేసింది. పాపది రింగుల జుట్టు... అచ్చం బొంగరం జుట్టే. బళ్ళో పిల్లలు రంగుకాగితాలు కత్తిరించే కత్తెరతో దాన్ని కురచగా కత్తిరించి పారేసింది! ఇంకో సంగతి కూడా దాచింది. ఇన్నేళ్ళకు ఆమెకిప్పుడు మూడో నెల! అది తెలిస్తే బొంగరం ఊరుకుంటుందా? 'నీకు నీది వస్తోందిగా, నాది నాకిచ్చెయ్' అనదూ?

"ఏదీ, నోరు తెరువు!" అంటూ బొంగరం పాప ముందు మోకాళ్ళ మీద కూర్చుంది. "అబ్బో! ముందు పళ్ళ మధ్య ఈ సందు చూడు, అచ్చం..." అని చప్పున ఆగి, మాట మార్చేసింది. "అవునే, ఈ జుట్టేమిటి, ఎలుకలు కొరికినట్టు?"

"వేడి చేస్తుందని..." నసిగింది పంతులమ్మ. జుట్టంటే కత్తిరించాను గానీ ఆ పళ్ళ సందును ఎక్కడ దాచను దేవుడా, అనుకుంది.

పాప మాత్రం బుల్లి మంచం మీదికి ఒక్క గెంతు గెంతింది. పడుకుంటే పాదాలు రెండూ మంచం దాటి బయటికొచ్చేశాయి. "పిన్నీ, ఇది నాకు పొట్టి!" అని కిలకిలా నవ్వింది. బొంగరం నవ్వలేదు. ఆ పాదాల వంకే చూస్తూ ఉండిపోయింది. ఆ చూపుకు పంతులమ్మకు పై ప్రాణాలు పైనే పోయాయి.

తెల్లవారింది. "పాలు తెస్తాను. వచ్చాక కూర్చుని ఆ మాట మాట్లాడుకుందాం, సరేనా?" అని బొంగరం బయటికి వెళ్ళింది. మెట్ల మీద అడుగుల చప్పుడు ఆగిందో లేదో, పంతులమ్మ సంచీ భుజాన వేసుకుని పాప రెక్క పుచ్చుకుంది!

"ఎక్కడికమ్మా? పిన్ని పాలు తెస్తానందిగా?"

"మాట్లాడకు! నడువు!"

సెలవు రోజులు కావడంతో వీధి బోసిపోయి ఉంది. వెనక అడుగుల చప్పుడు వినబడితే చాలు, బొంగరమే అనుకుని ఉలిక్కిపడేది. రైలు స్టేషన్లో బోర్డుల మీద ఆ దేశపు భాషలో రాసింది ఒక్క ముక్క అర్థమైతే ఒట్టు! ఏ రైలెక్కాలి? ఎవరినడగాలి? కళ్ళకు చీకట్లు కమ్మాయి... బెంచీ మీద కూలబడిపోయింది. "అమ్మా! అమ్మా!" అని పాప బావురుమంది.

"ఓసి దుర్మార్గురాలా!" రొప్పుతూ పరుగెత్తుకొచ్చింది బొంగరం. చేతిలో పాలసంచీ అలాగే ఉంది. "నీకు తెలిసిన దారి ఇదొక్కటే అని ఇటే వచ్చాను. కడుపుతో ఉండి ఇలా పరుగెడతావా? బుద్ధుందా నీకు!"

పంతులమ్మ నిర్ఘాంతపోయింది. "నీకు... నీకెవరు చెప్పారు?"

"ఇంకెవరు, మీ ఆయన, మా బావగారే! ఆయన నోట్లో నువ్వుగింజ నానుతుందా?" అని, పాప చేతిలో ఒక బన్ను పెట్టి, "అదిగో, పావురాలకు వెయ్యి తల్లీ" అని అటు పంపింది. పాప దూరం వెళ్ళాక పంతులమ్మ పక్కన కూర్చుంది. "ఆ సంగతి విన్నప్పటి నుంచి నాకు నిద్ర లేదే! కన్నబిడ్డ పుట్టాక, పెంచిన బిడ్డ నీకు బరువైపోతే? ఎవరైనా దాన్ని ఒక్క మాటన్నా దానికంటూ ఒక చోటుండాలని ఆ మంచం కొన్నాను. నువ్వు వద్దనుకుంటే నాకిచ్చెయ్యవే అని చెబుదామనే..."

చెళ్ళుమంది ఆమె చెంప!

"నేను వద్దనుకుంటానా? నా ప్రాణాన్ని నేను వద్దనుకుంటానా?" అని అరిచిన పంతులమ్మే, మరుక్షణం ఆ చెంపనే రెండు చేతుల్లోకి తీసుకుని వెక్కి వెక్కి ఏడ్చింది. "నువ్వు లాక్కుంటావనే కదే పారిపోయాను!"

ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. ఇన్నాళ్ళూ ఒకరికి భయపడి ఒకరు ఎంత నరకం పడ్డారో!

"నిజం చెప్పవే. దాన్ని అడగాలని నీకెప్పుడూ అనిపించలేదా?"

"ఎందుకనిపించదు? రోజూ అనిపిస్తుంది..." అంది బొంగరం, కళ్ళు తుడుచుకుంటూ. "రాత్రి అది నిద్రలో ఉలిక్కిపడి చెయ్యి చాపింది. పక్కన నేనే ఉన్నాను. నా చెయ్యి తోసేసి నీ కొంగు వెతుక్కుంది. అది నీ కూతురే. నేను పిన్నినే."

చెప్పబోయే మాట పంతులమ్మ గుండెను కోస్తోంది. అయినా చెప్పింది. "పెద్దదయ్యాక మనిద్దరం పక్కపక్కన కూర్చుని దానికి నిజం చెబుదాం. అప్పుడు నిన్నేమని పిలుస్తుందో అది దాని ఇష్టం."

బొంగరం ఆమె ఒళ్ళో తల పెట్టుకుని కుమిలిపోయింది.

పాప పరుగున వచ్చింది. "పిన్నీ, ఎందుకేడుస్తున్నావ్? మంచం పొట్టిదన్నాననా?"

"అవును తల్లీ! నువ్వింత పొడుగైపోయావని నాకు తెలియలేదు. అది ఇంకో బుజ్జాయికి ఇద్దాంలే."

పంతులమ్మ సంచీలోంచి దువ్వెన తీసి స్నేహితురాలి చేతిలో పెట్టింది. "దీని జుట్టు కత్తిరించింది వేడికి కాదే... నీ పోలికని. ఇంక కత్తెర ముట్టను. రింగుల చిక్కు తియ్యడం నాకు చేతకాదు, ఏడుస్తుంది. నొప్పి పెట్టకుండా ఎలా దువ్వాలో నువ్వే నేర్పు."

"దువ్వడానికి ఏం మిగిల్చావే ఇక్కడ!" అని కన్నీళ్ళతోనే నవ్వి, పాపను మోకాళ్ళ మధ్య నిలబెట్టుకుంది. కురచ జుట్టును కొసల నుంచి మెల్లగా దువ్వసాగింది. ఏదో రైలు వచ్చి ఆగింది, కదిలి వెళ్ళిపోయింది. ఎక్కడా కాలు నిలవని బొంగరం ఆ బెంచీ మీదే కూర్చుని ఇంకా దువ్వుతూనే ఉంది.