మోకాలు గారి మూడు సెకన్లు

"కదలకండి మోకాలు గారూ! మీరు కదిలితే సైకిల్ కదులుతుంది. సైకిల్ కదిలితే నేను పడతాను."

వెనక నుంచి ఆమె గొంతు. రెండు చేతులతో సైకిల్ సీటు పట్టుకుని ఉంది. అతడి రెండు పాదాలూ పెడల్స్‌కి బిగించి ఉన్నాయి. అంటే ఈ క్షణాన అతడు నిలబడింది ఆమె చేతుల మీదే.

"మీరు పడితే పట్టుకోడానికి నా చేతులు ఖాళీగా లేవు మేడమ్."

"జోకులు తర్వాత. ముందు ఊపిరి పీల్చుకోండి."

స్టార్ట్‌కి యాభై సెకన్లుంది. ఎండ నలభై ఒక్క డిగ్రీలు.

టైమ్ ట్రయల్‌లో గుంపు ఉండదు. నిమిషానికి ఒకరు బయల్దేరతారు. ఎనిమిది కిలోమీటర్లు వెళ్ళాలి, ఎనిమిది కిలోమీటర్లు వెనక్కి రావాలి. ఎవరి టైము వాళ్ళది. అతడికిది మొదటిసారి. రిజర్వాయర్ గట్టు మీది రోడ్డుకి అనుమతి పదకొండు నుంచి ఒంటిగంట వరకే దొరికింది. అందుకే ఇంత ఎండలో పోటీ. సీటు పట్టుకునే వాలంటీర్‌కి ఇందాకే కళ్ళు తిరిగాయి. అతన్ని నీడలో పడుకోబెట్టి, ఫస్ట్ ఎయిడ్ టేబుల్ దగ్గరున్న ఆమె "నేను పట్టుకుంటా" అంటూ వచ్చేసింది.

ఆమె ఫిజియోథెరపిస్ట్. అతడు లిఫ్ట్ మెకానిక్.

ఏడు నెలల క్రితం, లిఫ్ట్ గోతిలో నిచ్చెన జారి, కుంటుకుంటూ ఆమె క్లినిక్‌కి వెళ్ళాడు. అక్కడ పేషెంట్లకి పేర్లుండవు. "రెండో బెడ్ భుజం", "కిటికీ పక్క నడుము", అంతే.

"మోకాలు ఎవరండీ?" అని కేకేసింది.

"నేనేనండీ. కానీ మోకాలికి పైన కూడా ఇంకొంచెం ఉన్నాను."

"పైనున్న వాటి సంగతి తర్వాత చూద్దాం," అంది తలెత్తకుండా.

ఆ 'తర్వాత' ఎప్పుడొస్తుందా అని అతడు ఏడు నెలలుగా చూస్తున్నాడు.

క్లినిక్‌లో ఇచ్చిన పసుపు రంగు కార్డులో చివరి గడి పేరు 'తర్వాతి విజిట్'. అందులో ఆమె మంగళవారం అని రాస్తే, సోమవారం ఎంత పొడుగ్గా ఉంటుందో అతడికి తెలిసేది. గురువారం అని రాస్తే బుధవారం మీద కోపం వచ్చేది. ఏ జబ్బూ లేని క్లినిక్ లిఫ్ట్‌ని నాలుగుసార్లు విప్పి బిగించాడు.

"మా లిఫ్ట్‌కి ఏమైంది?" అని ఆమె అడిగితే, "అబ్జర్వేషన్‌లో ఉంచాను మేడమ్" అన్నాడు.

ఆమె నవ్వింది. ఆ నవ్వుతో అతడు పది రోజులు బతికాడు.

మొన్న గురువారం ఆమె హఠాత్తుగా చెప్పింది. "ఆదివారం సైకిల్ పోటీ ముప్పై నిమిషాల్లో పూర్తి చేస్తే మోకాలు నయమైనట్టే. కార్డు మూసేస్తాను. ఒక్క సెకను దాటినా ఇంకో నెల రావాలి."

మూసేస్తాను అన్నప్పుడు ఆమె పెన్ను క్యాప్ రెండుసార్లు తప్పు వైపు పెట్టింది. అతడు అది గమనించలేదు. చివరి గడి ఖాళీగా ఉన్న కార్డే కళ్ళ ముందు కనిపిస్తోంది.

"ఐదు... నాలుగు..."

లెక్కపెడుతున్నది ఆమె తండ్రి. గడియారాలు బాగుచేసే షాపు ఆయనది. ఈ పోటీలకి ఆయనే టైమ్‌కీపర్.

"మూడు... రెండు... ఒకటి... వెళ్ళు!"

పెడల్ మీద బరువంతా వేశాడు. సైకిల్ కదల్లేదు. బ్రేక్ పట్టేసిందా? ఇంకోసారి బలంగా తొక్కాడు. ఒక్కసారిగా సైకిల్ ముందుకి దూకింది.

తారు మీంచి వేడి పైకి లేస్తోంది. హ్యాండిల్ కాలిపోతోంది. సీసాలో నీళ్ళు మొదటి కిలోమీటరుకే టీ కాచుకునేంత వేడెక్కాయి. చెమట కంట్లోకి, కంట్లోంచి నోట్లోకి. నాలుగో కిలోమీటరు దగ్గర నీడ ఇచ్చే చెట్టొక్కటీ లేదని అర్థమైంది. ఆరో కిలోమీటరు దగ్గర తనకి బుద్ధి లేదని కూడా అర్థమైంది.

మలుపు దగ్గర హ్యాండిల్‌కి బిగించిన మీటర్‌లో టైము చూసుకున్నాడు. పద్నాలుగు నిమిషాల యాభై. బాగానే వస్తున్నాడు.

బాగా రావడమే ప్రమాదం!

ఎంతసేపు పని? రెండు వేళ్ళతో బ్రేక్ తాకితే చాలు. ఇంకో నెల మంగళవారాలు, ఇంకో నెల గురువారాలు. ఎండదే తప్పంటే ఎవరు కాదంటారు?

వేళ్ళు బ్రేక్ మీదకి వెళ్ళాయి.

"నొప్పి ఉందా?" అని ఆమె అడిగేది, బొటనవేళ్ళతో మోకాలు నొక్కుతూ. "లేదు" అనేవాడు. "అబద్ధం" అనేది. రెండు నెలలు మెట్లెక్కలేనివాడు, ఇవాళ ఈ వేగంతో వెళ్తున్నాడు. ఈ మోకాలు ఆమె చేతిపని. నలుగురి ముందు దాన్ని కుంటిదని ఎలా చూపిస్తాడు?

వేళ్ళు వెనక్కి తీసుకున్నాడు. పళ్ళు బిగించి తొక్కాడు.

గీత దాటాక మీటర్ చూస్తే ఇరవై తొమ్మిది యాభై ఎనిమిది. అయిపోయింది. గెలిచాడు. ఇక కార్డు మూతపడుతుంది.

అప్పుడు బోర్డు మీద రాశారు: ముప్పై నిమిషాల ఒక్క సెకను.

సంతోషించాల్సింది పోయి, అతడు టైమ్‌కీపర్ దగ్గరికి నడిచాడు. "సార్, నా మీటర్ చక్రం తిరిగితేనే మొదలవుతుంది. మీ గడియారం మూడు సెకన్లు ఎక్కువ చూపిస్తోంది."

"నా గడియారమా?" ఆయన కళ్ళద్దాలు తీశారు. "నేను వెళ్ళు అన్నాక కూడా నువ్వు మూడు సెకన్లు అక్కడే ఉన్నావు బాబూ. ఎందుకున్నావో నన్నడక్కు. సీటు పట్టుకున్నది ఎవరో వాళ్ళనడుగు. ఏడు నెలలుగా మా ఇంట్లో అన్నం దగ్గర మోకాలు కబుర్లే. ఒక మోకాలి గురించి ఇంత ఉంటుందని నాకు తెలీదు!"

అతడికి ఎండ ఒక్కసారిగా చల్లబడింది.

ఆమె ఫస్ట్ ఎయిడ్ టేబుల్ దగ్గర, చుట్టిన బ్యాండేజీనే మళ్ళీ చుడుతోంది.

"నావి మూడు సెకన్లు కనబడటం లేదు మేడమ్."

"ఎండలో ఎక్కడో పారేసుకుని ఉంటారు."

"మా లిఫ్ట్ తలుపు కాసేపు ఆగి మూసుకుంటుంది. అంతకన్నా ఎక్కువసేపు తెరిచుంటే ఒకటే అర్థం. లోపల ఎవరో చెయ్యి అడ్డం పెట్టారు. వాళ్ళకి ఇంకెవరో కావాలి."

ఆమె చుట్టడం ఆపేసింది.

"వదలాలనే అనుకున్నాను," అంది నెమ్మదిగా. "బిగుసుకున్న వేళ్ళని వదులు చెయ్యడమే నా ఉద్యోగం. ఇవాళ నా వేళ్ళే నా మాట వినలేదు. వదిలితే మీరు వెళ్ళిపోతారు కదా."

"అయితే ఇంకో నెల రానా?"

ఆమె పసుపు కార్డు తీసింది. అడ్డంగా 'డిశ్చార్జ్' అని రాసింది.

అతడి మొహం వాడిపోయింది. "ముప్పై దాటింది కదండీ!"

"దాటించింది నేను. ఆ మూడూ తీసేస్తే లోపలే ఉన్నారు. మోకాలు నయమైంది."

"మోకాలు సరే. మరి నేను?"

"పేషెంట్‌తో అనకూడని మాటలు కొన్నుంటాయి. ఏడు నెలలుగా దాచుకున్నాను. ముందు కార్డు మూయనివ్వండి."

చివరి గడిలో ఏదో రాసి కార్డు అతడి వైపు తిప్పింది.

తర్వాతి విజిట్: ఇవాళ. సాయంత్రం ఐదు. మా ఇల్లు. నాన్న ఉంటారు.

"ఐదంటే ఐదే!" వెనక నుంచి టైమ్‌కీపర్ కేకేశారు. "మూడు సెకన్లు కూడా ఒప్పుకోను!"

కార్డు మీద చెమట చుక్క పడింది. అతడు గబగబా తుడిచాడు, అక్షరాలు చెరిగిపోతాయేమోనని.

"ఈ విజిట్ దేనికండీ?"

"మోకాలికి పైనున్న వాటికి. తర్వాత చూద్దాం అన్నాను కదా."

ఈసారి తలెత్తి అంది.