ఎడమ అరలో పెట్టిన డిస్కు

రెండేళ్ల కష్టం దాచుకున్న హార్డ్ డిస్కు ఖాళీ అయిపోయిందని కోడలు శ్రీరమ్య కేక పెట్టేసరికి, వెంకటనారాయణ వరండాలో కాఫీ ఊదుకుంటున్నాడు.

"ఒక్క పాఠం కూడా లేదత్తయ్యా. ఫార్మాట్ చేయమంటావా అని కంప్యూటర్ అడుగుతోంది. అసలు తెరుచుకోవడమే లేదు."

కాఫీ గ్లాసు ఆయన పెదవుల దగ్గరే ఆగిపోయింది.

ఆ డిస్కులో ఉన్నవి జాకెట్ కటింగ్ పాఠాలు. ముందు గదిలో మంచం పక్కకు జరిపి, అత్తగారి జాకెట్లు కొలతకు పెట్టుకుని, కోడలు తనే మాట్లాడుతూ తనే తీసుకున్న వీడియోలు. సోమవారం ఒంగోలులో ఒక కుట్టు శిక్షణ కేంద్రం వాళ్లకు చూపించాలి. నచ్చితే అక్కడే టీచరుగా చేరిపోవచ్చు. పాత నకలు డిస్కు ఈమధ్యే పాడైంది. కొత్తది కొనుక్కొచ్చి బీరువా మీద పెట్టింది. ఇవాళ కూర్చుని నకలు తీసుకోవాలనుకుంది.

ఆ పని నిన్న మధ్యాహ్నమే జరిగిందని ఆ ఇంట్లో వెంకటనారాయణకు ఒక్కడికే తెలుసు.

నకలు తీసే పెట్టెను డాక్ అంటారు. పైన రెండు అరలు. ఎడమ అరలో అసలు డిస్కు, కుడి అరలో కొత్తది పెట్టి బటన్ నొక్కితే, కంప్యూటర్ లేకుండానే ఇందులోది యథాతథంగా అందులోకి ఎక్కుతుంది. పోయిన వారం కోడలు చేసి చూపిస్తుంటే, ఈసారి నేను నొక్కుతానని ముచ్చటపడ్డాడు.

"వద్దు మామయ్యగారూ, ట్రాక్టర్ గేర్లు మార్చిన చేతులు మీవి. బటన్ లోపలికి పోతుంది" అని కోడలు నవ్వింది. భార్య హనుమాయమ్మ ఇంకాస్త ఎక్కువ నవ్వింది. ఆ నవ్వు ఆయన మనసులో ముల్లులా ఉండిపోయింది.

అందుకే నిన్న ఆడవాళ్లిద్దరూ అద్దంకి వెళ్లగానే...

"మొన్న ఆదివారం ఈ డాక్‌ను ముట్టుకున్నది మీరే" లోపల శ్రీరమ్య గొంతు గట్టిపడింది. "మీ ఫ్రెండుకి సినిమాలు ఎక్కించి ఇచ్చారుగా."

"నా డిస్కు పెట్టాను, నా డిస్కు తీశాను. నీదాని జోలికి పోలేదు రమ్యా" అన్నాడు కొడుకు చైతన్యకృష్ణ.

"పోయినసారి నా ఫోన్లో ఫొటోలు పోయినప్పుడూ ఇదే మాట. నాలుగు రోజుల తర్వాత ఒప్పుకున్నారు."

"అదీ ఇదీ ఒకటేనా?"

"వాడినెందుకమ్మా అంటావు?" హనుమాయమ్మ మధ్యలోకి వచ్చింది. "నువ్వే ఏ నిద్రమత్తులోనో చెరిపేసుంటావు."

"నా బిడ్డలాంటిదత్తయ్యా అది. నేనెందుకు చెరుపుకుంటాను?"

శ్రీరమ్య ముక్కు చీదిన చప్పుడు వినిపించింది. వెంకటనారాయణ లేవబోయాడు. లేచి ఏమని చెప్పాలి? ఊళ్లో పదిమందికి మంచీచెడ్డా చెప్పే మనిషి, కోడలు లేనప్పుడు దొంగలా ఆమె వస్తువు తీశానని చెప్పాలా? మళ్లీ కూర్చున్నాడు. ఎదుటి కల్లంలో మిరపకాయలు తిరగేస్తున్నారు. ఘాటుకు దగ్గొచ్చినా, తనవైపు ఎవరైనా చూస్తారేమోనని కండువా నోటికి అడ్డం పెట్టుకున్నాడు.

చైతన్య ఒంగోలులో కంప్యూటర్లు బాగుచేసే ప్రేమ్‌చంద్‌కు ఫోన్ కలిపాడు. స్పీకర్లో ఆ గొంతు వరండా దాకా వచ్చింది.

"చెరిపితే వెతికి తీయొచ్చు బావా. దాని మీద ఇంకోటి ఎక్కితే మాత్రం, ఎక్కినంత మేరా పోయినట్టే. అసలేం చేశారో చెప్పండి, దాన్నిబట్టి చూద్దాం."

"అదే తెలియట్లేదురా" అన్నాడు చైతన్య. ఫోన్ పెట్టేశాక గొంతు తగ్గించి అన్నాడు. "రమ్యా, ఆదివారం హడావిడిలో నేనే ఏదో నొక్కేసుంటాను. నాకు గుర్తు లేదు. నన్ను క్షమించు."

"ఒప్పుకున్నారు, చాలు" అంది శ్రీరమ్య. ఆ గొంతులో కోపం కూడా మిగల్లేదు. "డిస్కు మొత్తం తుడిచి ఫార్మాట్ చేసేస్తాను. ఇవాళ మళ్లీ మొదటి పాఠం తీసుకుంటాను. సోమవారానికి రెండైనా అవుతాయేమో. పనైపోయాక పొన్నూరు వెళ్లి మా అమ్మ దగ్గర నాలుగు రోజులుంటాను."

చెయ్యని తప్పుకు కొడుకు క్షమించమంటున్నాడు. వెంకటనారాయణకు వరండా అరుగు కాలినట్టయింది. లోపలికి ఒక్క అంగలో వెళ్లాడు. కోడలి చెయ్యి మౌస్ మీద ఉంది.

"నొక్కకమ్మాయ్."

ముగ్గురూ తిరిగి చూశారు. ఆయన వాళ్ల మొహాలు చూడలేక ఆ నల్ల పెట్టెనే చూస్తూ మాట్లాడాడు.

"వాడు కాదు. నేను. నిన్న మీరు అద్దంకి వెళ్లాక తీశాను. కల్లంలో మిరప దుమ్ము లేస్తోందని, లోపలికి పోతుందని, పెట్టెను గోడవైపు తిప్పాను. తిప్పి, నా ఎడమవైపు అరలో నీ డిస్కు పెట్టాను. అరక కట్టిన చేతులమ్మా ఇవి. ఎడ్లను ఎటు తిప్పినా మనం వాటి వెనకాలే ఉంటాం, ఎడమది ఎడమే. పెట్టె తిరిగితే ఎడమ కుడవుతుందని నాకు తట్టలేదు. ఖాళీదాన్ని నీ రెండేళ్ల కష్టం మీద ఎక్కించాను. పని ఎంతయిందో చూపే నాలుగు దీపాల్లో రెండోది వెలగగానే కరెంటు పోయింది. పని కాలేదనుకుని, పెట్టెను మళ్లీ ఎప్పట్లా తిప్పి, డిస్కులు ఎక్కడివక్కడ పెట్టేశాను. ఆ ప్రేమ్‌చంద్‌కు ఇది చెప్పు. రెండో దీపం దగ్గర ఆగిందని చెప్పు, సగమన్నా మిగిలిందేమో. మామయ్య చేశాడని నువ్వు మెచ్చుకుంటావనుకున్నానమ్మా. పొద్దున నువ్వు కేక పెట్టగానే నాకు తెలిసిపోయింది. తెలిసీ కాఫీ తాగాను. నా కొడుకు నిన్ను క్షమాపణ అడుగుతుంటే కూడా విన్నాను. పొన్నూరు వెళ్లకు తల్లీ. ఎవరన్నా ఈ ఇంట్లోంచి మొహం చాటేయాలంటే, అది నేను."