తడికాళ్ల గది

జరగండర్రా, ఇంకాస్త ఇటు జరగండి. ఒరే గోపీ, అంత చివర ఒక్కడివే ఎందుకు? మధ్యలో కూర్చో. ఇది గట్టిగా చెప్పే కథ కాదు.

ఎచ్చెర్ల అవతల, సరుగుడు తోట పక్కన ఒక చక్రాల గది ఉండేది. బండికి తగిలించి లాక్కెళ్లే ఇల్లన్నమాట. మంచం, కిటికీ, పొయ్యిగట్టు... అన్నీ అందులోనే. రోడ్డు పనివాళ్లు వాడి అమ్మేశారు. వాళ్ల వంటమనిషి గెడ్డలో, అదే ఆ వాగులో, కొట్టుకుపోయిందట. అప్పట్నుంచీ ఆ గదిలో తడికాళ్లతో ఎవరో తిరుగుతున్నారని పుకారు. పొద్దు వాలితే అటు మేకల్ని కూడా తోలేవారు కాదు.

దాన్ని కొందామని బెన్హర్ వెళ్లాడు. గాలివానకు వాళ్ల ఇల్లు కూలిపోయింది. భార్య షీబాకు నెలలు నిండాయి. బిడ్డ పుట్టేలోగా తడి లేని చోటు కావాలి.

అమ్మేవాడు జగన్నాధం, రోడ్డు పనివాళ్ల దగ్గర దాన్ని కొన్నవాడు. మునిమాపు వేళే రమ్మన్నాడు. బెన్హర్ వెంట షీబా కూడా వెళ్లింది.

"సుక్క కారదు బాబూ. కొత్త సాప కూడా అతికించేను. సూసుకో" అని తాళం తీసి, తాను దూరంగా నిలబడ్డాడు.

"నువ్వూ రా మావా."

"మోకాలు నొప్పిరా."

"మోకాలా, బయమా?" అంది షీబా.

బెన్హర్ చెప్పులు బయటే విప్పాడు. ఇల్లనుకున్నాక చెప్పులతో ఎలా వెళ్తాడు? ఫోన్ లైటు వేశాడు. అల్లిన ప్లాస్టిక్ చాప, పొడిగా మెరుస్తోంది. గోడలు తడిమాడు. పొడి. కప్పు నొక్కాడు. పొడి. అలా ఆ చివరిదాకా నడిచాడు.

అరికాళ్లు చల్లబడ్డాయి... భయమేమో అనుకున్నాడు.

వెనక్కి తిరిగి లైటు వేశాడు.

గుమ్మం నుంచి తన మడమల దాకా— తడి అడుగులు.

ఊపిరి బిగబట్టి పక్కకు జరిగాడు. తాను వదిలిన చోట, మెల్లగా... నీళ్లూరి... ఇంకో పాదం తేలింది.

"షీబా... లోపలికి రాకు" అన్నాడు. "నా ఎనకాల ఎవులో ఉన్నారు."

షీబా లోపలికి రాలేదు. గుమ్మం బయట నుంచే వంగి, అరచెయ్యి చాప మీద అదిమి తీసింది.

అక్కడ తడిగా... అయిదు వేళ్లు.

"ఎవులూ నేరు బావా. నువ్వే. కింద చెక్కంతా నీళ్లు తాగేసున్నాది. తొక్కితే పైకొస్తన్నాది."

బెన్హర్‌కు నవ్వొచ్చింది. బిడ్డకు పక్క వేద్దామనుకున్న మూలకు వెళ్లి, చాప అంచు లాగాడు. నల్లటి చెక్క, నానిన అటుకుల్లా ఉంది. నొక్కి చూశాడు.

చెయ్యి మోచేతి దాకా దిగిపోయింది. కింద చీకట్లో వేళ్లకు చల్లగాలి తగిలింది.

అప్పుడు పోయింది నవ్వు.

"మావా, ఆ వంటమనిసిది ఏ ఊరు? పేరేటి?" అని షీబా అడిగింది. "ఏటో, అందరూ చెప్పుకుంతే నేనూ విన్నాను" అంటూ జగన్నాధం తాళం తీసుకున్నాడు.

వాళ్లు చర్చి వెనక గదిలో తలదాచుకున్నారు. బిడ్డను సిమెంటు నేల మీదే పడుకోబెట్టారు.

సరే, లేవండి. మీ అమ్మలు అన్నాలు వడ్డించి ఉంటారు. వేడివేడిగా తినండి, పొండి.