గాలిగుట్ట మీద బెలూన్లు

మా ఊళ్ళో చీకటి పడితే గాలిగుట్ట వైపు కిటికీలకి పరదాలు లాగేసేవాళ్ళు. పగలు అందరూ ధైర్యవంతులే... "గుట్ట ఏం చేస్తుందిలే" అని నవ్వేవాళ్ళే. సాయంత్రం అయ్యేసరికి మాత్రం చెయ్యి దానంతటదే పరదా మీదికి పోయేది. మా ఇంట్లోనూ అంతే, దాచుకోవడం దేనికి.

కామా నది ఒడ్డున మాది చిన్న ఫ్యాక్టరీ ఊరు. ఊరు దాటగానే ఆ గుట్ట. దాని నెత్తిన వాతావరణ కేంద్రం ఉండేది. దేశం ముక్కలయ్యాక దాన్ని వదిలేశారు. మూశారని కూడా అనలేం, మూయడానికైనా ఎవరో ఒకరు రావాలిగా! అక్కడి ఉద్యోగి, యెగోర్ అనే పెద్దాయన, ఒక శీతాకాలం సాయంత్రం ఇంట్లోంచి బయటికొచ్చాడట — అంతే, మళ్ళీ ఎవరికీ కనబడలేదు. తాగి మంచులో పడ్డాడని కొందరు, తోడేళ్ళని కొందరు. ఆయన భార్య చుట్టాలింటికి పోయిందని అందరూ అనుకున్నారు.

ఆ తర్వాత కూడా గుట్ట మీద వెలుగు లేచేది. రోజూ కాదు. ఊళ్ళోంచి చూస్తే ఒకటో రెండో తేలేది కాదు. ఎప్పుడో ఓ మబ్బులేని సాయంత్రం... చప్పుడు లేకుండా, తొందర లేకుండా, పసుపుపచ్చగా పైకి లేచి, కాసేపు నిలబడి, ఆరిపోయేది. దాన్ని చూసి కుక్కలు మొరిగేవి కావు. మంచాల కింద దూరేవి.

ఆ వెలుగుతో ముడిపడ్డ మనిషి మా బావ వెనియమీన్. గుట్ట మీద జరిగిందంతా ఆయన నోటినుంచి విన్నదే, చివరిది తప్ప. చివరిది నా కళ్ళతో చూశాను.

మా బావ మంచివాడే, ఒక్క పిచ్చి తప్ప. ఎగిరే పళ్ళాల పిచ్చి. అయినా ఆ రోజుల్లో పిచ్చి లేనిదెవరికి? టీవీలో ఎవడో చేతులూపుతుంటే, ఊరు ఊరంతా తెర ముందు నీళ్ళ సీసాలు పెట్టుకుని కూర్చుంది, ఆ నీళ్ళు తాగితే రోగాలు పోతాయని. మా అమ్మ అయితే ఉప్పు దోసకాయల జాడీ కూడా పెట్టింది. వాళ్ళనెవరూ ఏమీ అనలేదు. అందరి నోళ్ళలో పడింది మా బావ ఒక్కడే.

దానికో కారణం ఉంది. పాత రోజుల్లో, కేంద్రం ఇంకా నడుస్తున్నప్పుడే, ఆ వెలుగును చూసి పైవాళ్ళకి చెప్పుకున్నది ఆయనే. అది వాతావరణ బెలూన్ అని వాళ్ళు తేల్చేశారు. చీకట్లో కనబడాలని బెలూన్ కింద కాగితపు లాంతరు కట్టి వదులుతారు, దానికే జడుసుకున్నావా నాయనా అన్నారు. ఆ రోజు నుంచి వెనియమీన్ కాస్తా బెలూన్ వెన్యా అయిపోయాడు.

"మరి ఇప్పుడు కేంద్రం లేదుగా! ఇప్పుడెవడు వదులుతున్నాడు?" అని నెత్తీ నోరూ కొట్టుకునేవాడు. వినేదెవరు?

ఆయనకో సంఘం ఉండేది. సంస్కృతి భవనం నేలమాళిగలో కలుసుకునేవాళ్ళు. ఆ గదిని బూట్ల వ్యాపారికి ఇచ్చేశాక, పెట్టెల మధ్య ఇరుక్కుని కూర్చుని వేరే గ్రహాల సంగతులు మాట్లాడుకునేవాళ్ళు. మధ్యలో ఎవరో ఒకావిడ తల దూర్చి "ఏమండీ, బొచ్చు బూట్లు పెద్ద సైజువి ఉన్నాయా?" అనేది. పాపం, వీళ్ళలోనే ఒకరు లేచి వెతికిచ్చేవాళ్ళు.

సంఘానికి ఓ గట్టి నియమం ఉంది. ఏ వెలుగునైనా ముందు అనుమానించాలి. విమానమా, రాకెట్టా, శుక్రుడా, బెలూనా అని చూడాలి. వాటిలో ఏదని రుజువైనా ఆ సంగతి అంతటితో సరి, మళ్ళీ ఎవరూ నోరెత్తకూడదు. ఆ నియమం పెట్టింది బావే.

మా అక్క నోన్నా బజార్లో క్యాబేజీ కూరిన పిరోష్కీలు అమ్మేది. "ఏమమ్మా, మీ ఆయన ఇంకా ఎగిరిపోలేదా?" అని పక్క దుకాణాల వాళ్ళు. అక్కడ నవ్వేసేది. ఇంటికొచ్చి గిన్నెల మీద విసురు చూపించేది. "ఎగిరే పళ్ళాలు తర్వాత వెతుకుదువు గాని, ముందు ఈ ఎంగిలి పళ్ళాల సంగతి చూడవయ్యా!"

అరిచినన్నాళ్ళూ నాకు భయం లేదు. ఒకరోజు అరవలేదు. బల్ల ముందు కూర్చుని మెల్లగా అంది.

"వెన్యా, నావల్ల కాదిక. ఆ గుట్ట ఎక్కి చూసిరా. ఆఖరిసారి. బెలూనే అయితే, అందరి ముందూ బెలూనే అని చెప్పి సంఘం ఎత్తెయ్. కాకపోతే... నువ్వూ నీ వెలుగూ ఉండండి. నేను రిమ్మా దగ్గరికి పోతాను."

రిమ్మా అంటే నేనే. నా ఒంటిగది కొంపలో ఈవిడెక్కడ పడుకుంటుందా అనిపించింది గానీ, అన్న తీరు చూస్తే అది ఉత్తమాట కాదు. బావ మొహం చూడలేకపోయాను.

ఇన్నేళ్ళూ ఆయన గుట్ట చుట్టూ తిరిగాడే తప్ప, చీకట్లో పైదాకా ఎక్కింది లేదు. భయమంటే ఒప్పుకోడు. ఈసారి తప్పలేదు. రెండు చేతులకీ రెండు గడియారాలు కట్టుకున్నాడు. అలాంటి చోట్ల కాలం తప్పు నడుస్తుందట, ఒకదానితో ఒకటి సరిచూసుకోవాలట. వెల్డింగు కడ్డీలు వంచి చేసిన తీగలు రెండు పట్టుకున్నాడు, చెడ్డచోట అవి వాటంతటవే తిరుగుతాయని. ఫ్లాస్కులో టీ పోసుకుని, రొట్టె, పందికొవ్వు ముక్క మూటకట్టుకుని బయల్దేరాడు. ప్రయాణానికి ముందు ఇంట్లో అందరం కాసేపు మాటల్లేకుండా కూర్చోవడం మా ఆనవాయితీ. అక్క కూర్చోలేదు.

శీతాకాలంలో మాకు భోజనాల పొద్దు దాటితే చీకటే. బావ సగం ఎక్కేసరికి వెనక ఊరు మసకబారింది. మంచు మీద తన అడుగులే కర్రు... కర్రుమంటున్నాయి. ఆగితే అదీ లేదు. గాలిగుట్ట మీద, ఆ రోజు, గాలి కూడా లేదు.

చేతుల్లో తీగలు కదిలాయి.

చలికి చేతులు వణుకుతున్నాయి అనుకున్నాడు. వణుకైతే రెండూ ఒకే వైపు ఎందుకు తిరుగుతాయి... గడియారాలు చూసుకుందామంటే చేతితొడుగు తియ్యడానికి మనసొప్పలేదు. "ఎవరైనా ఉన్నారా?" అని పిలుద్దామనుకుని, ఎవరైనా పలికితే ఏం చెయ్యాలో తోచక నోరు మూసుకున్నాడు.

పైకి చేరాడు. పాడుబడ్డ కేంద్రం ఇల్లు. దాని గుమ్మం దగ్గర — తెల్లగా, గుండ్రంగా, మనిషంత ఎత్తున ఏదో ఉంది. అది ఊపిరి తీస్తోంది. ఉబ్బుతోంది... తగ్గుతోంది... మళ్ళీ ఉబ్బుతోంది. దాని పైన పసుపుపచ్చ వెలుగు.

బావ ఓ అడుగు వెనక్కి వేశాడు. వెనక నుంచి భుజం మీద ఓ చెయ్యి పడింది.

"గట్టిగా అరవకు నాయనా," అంది ఆడగొంతు. "లోపలికి రా. చలి."

ముసలావిడ. తలకి ఉన్ని శాలువా, కాళ్ళకి బొచ్చు బూట్లు. యెగోర్ భార్య ఫైనా! ఊరొదిలి పోయిందనుకున్న మనిషి ఇన్నేళ్ళూ అక్కడే ఉంది. రొట్టె కావాలంటే గుట్టకి ఆవలి పల్లెకి దిగేదట. మన ఊరి మొహం చూడబుద్ధి కాలేదట. ఊపిరి తీస్తున్నది గుమ్మానికి అడ్డంగా కట్టిన రబ్బరు తిత్తి, లోపలి పొయ్యి వేడికి ఉబ్బుతోంది. వాతావరణ బెలూన్ అది. దాని పైన వేలాడుతున్నది కాగితపు లాంతరు.

బెలూన్. లాంతరు. ఇన్నేళ్ళ నవ్వులు, ఇన్నేళ్ళ తిట్లు, ఇందుకోసమా... బావ అక్కడే మంచులో కూర్చుని నవ్వాడట, నవ్వుతూ ఏడ్చాడట. ముసలావిడ రబ్బరు ముక్కొకటి, పాత లాంతరొకటి ఇస్తే సంచిలో పెట్టుకుని దిగొచ్చాడు.

మర్నాడే సంఘం కూడింది. అక్క ముందు వరసలో కూర్చుంది, బూట్ల పెట్టె మీద. ఆ గదిలో అడుగు పెట్టడం అదే మొదలు. పండగలకి తీసే పువ్వుల రుమాలు తలకి కట్టుకుంది. బావ లేచాడు. రబ్బరు ముక్క, లాంతరు బల్ల మీద పెట్టాడు.

"బెలూనే," అన్నాడు.

అర్సేనీ అని రిటైరైన ట్రామ్ డ్రైవరు, సంఘంలో అందరికంటే పెద్దాయన, లాంతరును అటూ ఇటూ తిప్పి చూశాడు. "నియమం నియమమేరా వెన్యా," అని టోపీ పెట్టుకుని వెళ్ళిపోయాడు. ఆయన నడుం ఆ ఒక్క పూటలో వంగిపోయినట్టు అనిపించింది నాకు. అక్క మాత్రం కళ్ళు తుడుచుకుంటూ అందరికీ పిరోష్కీలు పంచింది.

ఊరికి హాయి. పరదాలు తెరుచుకున్నాయి. ఎక్కడ చూసినా "ముసల్ది బెలూన్లు వదులుతోందటమ్మా, పొద్దుపోక!" అన్న మాటే. బావ బజార్లో అక్క పక్కన నిలబడి పిండి మూటలు మోస్తున్నాడు. అక్క పాడుకుంటోంది. చూడముచ్చటగా ఉన్నారు ఇద్దరూ, నిజం. బావ మాత్రం ఒక్క నిమిషం కుదురుగా కూర్చోడు. లేస్తాడు, కిటికీ దగ్గరికి వెళ్తాడు, పరదా లాగుతాడు. అక్క నవ్వుతూ తీస్తుంది. మళ్ళీ లాగుతాడు.

కొత్త సంవత్సరం ముందురోజు వాళ్ళింట్లో బల్ల దగ్గర కూర్చుని నేనూ బావా సలాడ్ కోసం ఉడికిన దుంపలు కోస్తున్నాం. బయట అప్పుడే వెలుతురు తగ్గుతోంది.

"మీ అక్క ఏదీ?" అన్నాడు.

"పండగ చెట్టు తేవడానికి వెళ్ళింది బావా. గాలిగుట్ట మీద ఫిర్ చెట్లు గుబురుగా ఉన్నాయిగా, ఇప్పుడు భయం కూడా లేదాయె. ముసలావిడకి పిరోష్కీలు కూడా పట్టుకెళ్ళింది. ఆవిడ పుణ్యాన నా సంసారం నిలబడింది, నాలుగైనా ఇచ్చి రాకపోతే ఎలా అంది."

కత్తి ఆగిపోయింది.

"ఎంతసేపైంది?"

"నువ్వు నిద్రలో ఉన్నప్పుడే... బావా, ఏమైంది?"

ఆయన అప్పటికే బూట్లు తొడుక్కుంటున్నాడు. ఎడమది కుడికాలికి తొడిగాడు, తీశాడు. అలా తొడుక్కుంటూనే మిగతాది చెప్పాడు. ఎవరికీ చెప్పని ముక్క.

గుట్ట మీద ఆయన నవ్వడం ఆపాక, ఫైనా అవ్వ అడిగిందట — ఎందుకు నవ్వుతున్నావని. "ఇన్నాళ్ళూ బెలూన్లు వదిలింది నువ్వేనా అవ్వా!" అన్నాడట.

"బెలూన్లా?" అందట ఆవిడ. "అందులో నింపే గ్యాసు రావడం ఎప్పుడో ఆగిపోయింది నాయనా. చలిగాలికి అడ్డం కట్టుకున్నా ఆ రబ్బరు. లాంతరు మా ఆయన కోసం, దిగొస్తే దారి కనబడాలని."

"మరి... ఆ వెలుగు?"

ఆవిడ గొంతు తగ్గించిందట. "మొదట్లో ఒకటే ఉండేది. అదేంటో చూసొస్తానని మా ఆయన వెళ్ళాడు. మర్నాటి నుంచీ... రెండు."

ఆమె అంటుండగానే ఇంటి వెనక మంచు పసుపుపచ్చగా మారిందట. బావ తలెత్తాడు. రెండు.

"మరి బెలూనని ఎందుకు చెప్పావ్ బావా?" అన్నాను.

"పండగ రుమాలు కట్టుకొచ్చింది రిమ్మా," అన్నాడు. "నా సంఘానికి వచ్చింది, మొదటిసారి. ఎదురుగా కూర్చుని నన్నే చూస్తోంది... నిజం చెబితే వెళ్ళిపోయేది. ఎలా చెప్పను?"

మెట్లు ఎలా దిగామో తెలియదు. కోటు బొత్తాలు కూడా పెట్టుకోలేదు నేను. బస్సు మలుపు దాటి, గుట్ట దారి మొదలయ్యే చోటికి పరిగెత్తాం. దారిలో మనిషన్నవాడు లేడు. బావ "నోన్నా! నోన్నా!" అని అరుస్తున్నాడు. మంచు నీలంగా మారింది, చెట్లు నల్లబడ్డాయి.

అప్పుడు... పైనుంచి ఏదో జారుతున్న చప్పుడు. బండిది.

అక్క! బుగ్గలు ఎర్రగా కంది, జారుడుబండి మీద చెట్టు కట్టుకుని, తాడు భుజాన వేసుకుని దిగొస్తోంది. బావ వెళ్ళి ఆవిడని పట్టేసుకున్నాడు. రెండు చేతులతో మొహం తడిమాడు, భుజాలు తడిమాడు.

"ఏంటయ్యా ఇది, రోడ్డు మీద!" అక్క నవ్వు. "కాసేపు కనబడకపోతే ఇంత బెంగా? బాగుంది! ఆ అవ్వ ఎంత మంచిదే రిమ్మా. పిరోష్కీ తింది, నన్ను ముద్దు పెట్టుకుంది. చెట్టు నరకడానికి సాయం చేస్తానంది. పొద్దుపోతోంది నువ్వు దిగు అని తనే తోలేసింది. ఇంకోటి తెలుసా? గుమ్మంలో లాంతరు ఊది ఆర్పేసింది. ఎందుకవ్వా అంటే, ఎదురుచూసి ఎదురుచూసి విసిగిపోయాను, ఇక నేనే వెళ్తానంది. ఎక్కడికో ఏమో, మంచులోకి నడిచిపోయింది, అంత వయసులో!"

బావ చేతులు అక్క భుజాల మీదే ఆగిపోయాయి.

గుట్ట నెత్తిన వెలుగు లేచింది. చప్పుడు లేకుండా, తొందర లేకుండా. దాని పక్కన రెండోది. నేను లెక్క చూస్తున్నాను. ఇంకేమీ లేదు... ఇంకేమీ లేదు... అనుకుంటుండగా, చెట్ల వెనక నుంచి మరోటి. కొంచెం చిన్నది. తడబడుతూ, దారి తెలియనట్టు, మిగతా రెండింటి దగ్గరికీ పోయి నిలబడింది.

"అదుగో! అదుగో!" అక్క చప్పట్లు కొట్టింది. "ఇందుకన్నమాట వెళ్తానంది! చూడు వెన్యా, పండగని ఈసారి మూడు వదిలింది ఆ అవ్వ!"

అక్క చెయ్యెత్తి గుట్టకేసి ఊపుతోంది. నేను బావ వైపు చూశాను. ఆయన నా వైపు చూడలేదు. వంగి, అక్క భుజం మీంచి తాడు తీసుకున్నాడు.

"అవును నోన్నా," అన్నాడు. "బెలూన్లే. పద ఇంటికి."