నీళ్ళు పలకని కాయ

ఓడలరేవు పాయలో తేలిన శవానికి చేతి వాచీ ఉంది, కాళ్ళకి బూట్లు ఉన్నాయి. నాలుక లేదు.

"మన ఏజెంట్ జగ్గారావు," అని ఫొటో బోర్లా తిప్పాడు చీఫ్ ప్రకాశరావు.

2003 ఏప్రిల్. అమలాపురంలో ఒక జిరాక్స్ షాపు వెనక గది. ఎదురుగా కుర్చీ అంచున కూర్చుంది వీరాయమ్మ. కువైట్‌లో ఎనిమిదేళ్ళు ఇంటిపని చేసి వచ్చిన మనిషి.

"ఓడలరేవు గెస్ట్ హౌస్‌లో ముగ్గురు విదేశీ ఇంజనీర్లు దిగేరు. నిజానికి ముఠా. జగ్గారావుకి వాళ్ళ భాష వచ్చు. వాళ్ళేదో అన్నప్పుడు మొహంలో కనబడిపోయుంటుంది. మీకు అరబ్బీ వచ్చునా?"

"రాదండి. ఎనిమిదేళ్ళున్నా నాలుగు ముక్కలేనండి."

"మరెలా నెట్టుకొచ్చేరు?"

"మొహాలు చూసండి. మేడం ఎటు చూసి అరిస్తే అటు పరిగెత్తేదాన్నండి."

"అలాంటి మనిషే కావాలి. భాష రానివాళ్ళని ఎవరూ అనుమానించరు. శుక్రవారం పది గంటలకి కొత్త గ్యాస్ బావి ప్రారంభం. వాళ్ళ గురి అదే."

వద్దనడానికే వచ్చిన వీరాయమ్మ ఆ మాట మింగేసింది. ఆ బావి దగ్గర ఫస్ట్ ఎయిడ్ గదిలో ఆమె కూతురు నాగదుర్గ నర్సు.

"పిల్ల చేత ఆ రోజు సెలవు పెట్టించనాండి?"

"వద్దు. వాళ్ళకి తెలిసిపోతుంది."

గెస్ట్ హౌస్‌లో వంటమనిషిగా చేరమని ఆమెకి ఒక పోపుల డబ్బా ఇచ్చాడు. ఆవాల గిన్నె కింద ట్రాన్స్‌మిటర్. మూడుసార్లు నొక్కితే కమాండోలు వస్తారు. "అక్కడ మన తులసి ఉంది, ఇంటర్‌ప్రెటర్‌గా. ఢిల్లీలో పెరిగిన పిల్ల. మీ కోడ్ నేమ్ ఖద్దామా."

"కువైట్‌లో పనిమనిషిని అలాగే పిలిచేవోరండి. ఇక్కడా తప్పలేదన్నమాట."

"ఆయ్," అన్నాడు చీఫ్, నవ్వకుండా.

గెస్ట్ హౌస్ వంటింటి గుమ్మంలో సెంటు వాసన ముందు వచ్చింది. తరవాత నల్లకళ్ళద్దాలు, పట్టుచీర, తులసి.

"పిన్నిగారూ, ఆవకాయ ఉందా?"

"ఎండలో పెట్టేనండి."

కోడ్ సరిపోయింది. తులసి నవ్వింది. పళ్ళు నవ్వాయి, కళ్ళు నవ్వలేదు. కువైట్‌లో మేడం అలా నవ్విన ప్రతిసారీ ఎవరో ఒకరికి మూడేది.

గురువారం మధ్యాహ్నం భోజనాల దగ్గర ముగ్గురిలో పెద్దవాడు, బట్టతలవాడు, ఆగకుండా మాట్లాడాడు. మూల ఉన్న కొబ్బరికాయల్ని చూపించాడు. గుప్పిట బిగించి బల్ల మీద ఒక్క పోటు పొడిచాడు. మిగిలిన ఇద్దరూ అన్నం కలపడం ఆపేశారు.

"ఏటంటున్నారండి?" అంది వీరాయమ్మ.

"కొబ్బరి పచ్చడి బాగుందంటున్నారు పిన్నిగారూ."

అంత ప్రసంగానికి ఇంతే ముక్క! పైగా ఆ పూట చేసింది వంకాయ పచ్చడి. కువైట్‌లో తోటి పనిపిల్ల ఒకత్తె ఇలాగే మేడం చెప్పిన పది మాటలకి ఒక్కటే చెప్పేది. మిగతా తొమ్మిదీ తరవాత వీరాయమ్మ వీపుకి తెలిసేవి.

సాయంత్రానికి పిలక ఉన్న కాయ ఒకటి మాయమైంది. కాయ పోయిందని కమాండోలని పిలుస్తారా? నవ్వరూ? ఆమె నొక్కలేదు. ఆ రాత్రి కళ్ళు మూస్తే చాలు, పాయలో తేలుతూ తెల్ల యూనిఫారం కనబడింది.

శుక్రవారం. పాయ ఒడ్డున బావి దగ్గర షామియానా, మూడు వందల మంది పనివాళ్ళు. టిఫిన్లు వండే వంకతో వీరాయమ్మ వచ్చింది. వేదిక మీద పళ్ళెం పట్టుకుని నిలబడింది నాగదుర్గ. పళ్ళెంలో పసుపు, కుంకుమ, ఒక్క కొబ్బరికాయ.

తొమ్మిదీ యాభై ఎనిమిది. విదేశీయులు ముగ్గురూ వాచీలు చూసుకున్నారు. తరవాత పళ్ళెం వంక చూశారు. తరవాత వెనక్కి, వెనక్కి నడిచారు. తులసి అప్పటికే కారు తలుపు దగ్గర ఉంది.

బల్ల మీద పోటు గుర్తొచ్చింది. వీరాయమ్మ ఆవాల గిన్నె ఎత్తి నొక్కింది. ఒకటి. రెండు. మూడు. లైటు వెలగలేదు. తిప్పి చూస్తే లోపల బ్యాటరీ లేదు. గెస్ట్ హౌస్‌లో ఆ డబ్బా సంగతి తెలిసింది తులసికొక్కర్తెకే.

ఢిల్లీ నుంచి వచ్చిన పెద్ద ఇంజనీరు కాయ అందుకుని రాయి మీద కొట్టడానికి చెయ్యెత్తాడు.

"ఆగండయ్యా!"

చీర కుచ్చెళ్ళు తొక్కుకుంటూ వేదికెక్కి కాయ లాక్కుంది.

"అమ్మా! పరువు తీస్తున్నావే!" అంది నాగదుర్గ.

కోనసీమలో కాయ చేతికొస్తే ఎవరైనా ముందు చెవి దగ్గర పెట్టి ఆడిస్తారు. ఢిల్లీ ఇంజనీరు ఆడించడు. కాయలో సామాను కూరి పిలక అతికించిన ముఠాకి ఆ అలవాటున్నట్టే తెలియదు. వీరాయమ్మ ఆడించింది. నీళ్ళు పలకలేదు. లోపల ఏదో లోహం కదిలింది.

బలమంతా చేతిలోకి తెచ్చుకుని పాయలోకి విసిరింది.

నీళ్ళు తాటిచెట్టంత ఎత్తు లేచాయి. షామియానా మీద బురద, గుల్లలు, చచ్చిన చేపలు వానలా కురిశాయి. నాగదుర్గ చేతిలో పళ్ళెం అలాగే ఉంది. వీరాయమ్మ కూతురి ముక్కూ చెవులూ వేళ్ళూ తడిమి చూసుకుంది, ఒకటికి రెండుసార్లు.

పేలుడు విని, పిలుపు కోసం గేటు బయట కాచుకునున్న కమాండోలు రోడ్డు మూసేశారు. కారులో పారిపోబోయిన ముగ్గురు విదేశీయులతో పాటు తులసికీ బేడీలు పడ్డాయి. కళ్ళద్దాలు ఊడి, ఆమె వీరాయమ్మ వైపు తిరిగి ఆ తెలియని భాషలో పళ్ళు కొరుకుతూ ఊపిరి తిప్పుకోకుండా అరిచింది.

"ఏమంటోందండీ వీరాయమ్మగారూ?" అన్నాడు కమాండోల వెనకే వచ్చిన ప్రకాశరావు.

వీరాయమ్మ కొంగుతో మొహం మీద బురద తుడుచుకుంది.

"పచ్చడి బాగుందంటందండి."