ముద్ర లేని మాట

ఆ ఉదయం మంగతాయారు చేయవలసిన పనులు ఇవి: అరటి గెలలు పడవకెక్కించాలి. చూడి గేదెకు మందు పట్టాలి. నెలలు నిండిన కోడలు సుగుణను మర్నాడు ఆసుపత్రికి పంపాలి, బట్టలు సర్దాలి. కబురుద్వారంలో లంకవాళ్ల ముద్రలు కొత్తవి చేయాలి.

చివరిది ఆమె ఉద్యోగం. వచ్చే, పోయే కబుర్లన్నీ ఆ యంత్రం దాటాకే ఒకరి చేతి బిళ్ల నుంచి ఇంకొకరి బిళ్లకు చేరతాయి. ఎవరి పేరు మీద ఎవరు కబురు పంపవచ్చో ద్వారానికి ముందే తెలుసు. గట్టు ఆఫీసు కబురు ఆఫీసు బిళ్ల నుంచి, ఆఫీసు ముద్రతోనే రావాలి. లేకపోతే ద్వారం చప్పుడు చేయకుండా పారేస్తుంది. వెనక ఒకసారి దొంగ వరద కబురుకు జనం తోసుకుని పడవ మునిగింది. ద్వారం వచ్చాక లంకలో అబద్ధం వినబడలేదు.

గెలలు ఎక్కిస్తుండగా లస్కరు నూకరాజు తడిసి ముద్దయి పడవ దిగాడు. గట్టు ఆఫీసు తరఫున వరదగట్టు కాపలా అతని పని.

"ఇంకా ఇక్కడే ఉన్నారేంటమ్మా? గట్టుకి గండి పడతంది! కబురెట్టాను కదా!"

"ఏ బిళ్లతో బాబాయ్?"

"నాది నీళ్లలో పోయింది. పడవ సరంగు బిళ్లతో ఎట్టాను."

"సరంగు బిళ్లతో ఆఫీసు మాటా!" గెలలు మోసే వీర్రాజు నవ్వాడు. "పొద్దున్నే పుచ్చుకున్నావా లస్కరూ?"

"ఎదురుగా నిలబడి చెప్తున్నాను కదరా!"

మంగతాయారు నెమ్మదిగానే అంది. "నిన్ను నమ్మననట్లేదు బాబాయ్. ముద్ర లేదంటున్నాను. ఆఫీసు చెప్పగానే కదులుతాం."

"కోడల్నయినా ఈ పడవెక్కించమ్మా."

ఆమె రేవు పక్కనున్న ద్వారం వైపు చూసింది. అది ఏమీ చెప్పలేదు. పడవ గెలలతో వెళ్లిపోయింది. నూకరాజు వెళ్లలేదు. ఇంటింటికీ తిరిగి అరిచాడు. అందరూ ముందు తమ బిళ్లలు చూసుకున్నారు, తర్వాత అతన్ని.

మధ్యాహ్నం నీళ్లొచ్చాయి. మెడలోతు నీళ్లలో నూకరాజు సుగుణను భుజాల మీదికెత్తి పెంకుల మీదికి తోశాడు. పైనుంచి మంగతాయారు ఆమెను లాగింది. అతనికి చెయ్యందించడానికి తిరిగేసరికి అతను లేడు. ఆ తర్వాత మోగింది ద్వారం, ఆఫీసు ముద్రతో: "లంక ఖాళీ చేయండి."

లంకలో సగం మంది మిగల్లేదు.

విచారణ నివేదికలో ముందస్తు హెచ్చరిక ఏదీ అందలేదని రాశారు. మంగతాయారు పంపిన వాంగ్మూలం చేరలేదు. ఆమె బిళ్ల కూడా వరదలోనే పోయింది, పక్కింటివాళ్ల దానితో పంపింది.

అందుకే చదివేవారిని అడగవలసి వస్తోంది. నూకరాజు అనే లస్కరు ముందే వచ్చి చెప్పాడు. దయచేసి అతన్ని గుర్తుపెట్టుకోండి.